ఎల్మినా, కేప్ కోస్ట్: రెండు కోటలు, మూడు రోజులు

"రెండూ ఒకటే బావా. ఒకటి చూస్తే చాలు, రెండోదానికి పెట్రోలు దండగ."

మా బావమరిది ఘనాలోని టెమాలో ఆరేళ్ళుగా ఉంటున్నాడు. ఈ ఆరేళ్ళలో, ఒకప్పుడు బానిసల వ్యాపారం నడిచిన ఆ రెండు కోటల్లో, ఎల్మినా, కేప్ కోస్ట్, ఒక్కదాని గడప కూడా తొక్కలేదు. అయినా సలహా ఇచ్చాడు. అది బావమరుదుల హక్కు కాబట్టి నేనూ ఏమీ అనలేదు. వెళ్ళొచ్చాక చెబుతున్నాను, రెండూ ఒకటి కాదు. ఒకదానికి వెళ్ళి రెండోది మానేస్తే సగం కథే తెలుస్తుంది. రెండూ ఒకే రోజు చూస్తే అసలేదీ తలకెక్కదు.

ముందు కాగితాల సంగతి. ఘనాకి వీసాతో పాటు ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మేం హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాం. అక్రాలో దిగగానే పాస్‌పోర్టు కంటే ముందు ఆ పసుప్పచ్చ కార్డే అడిగారు. తిరిగొచ్చేటప్పుడు మనవాళ్ళూ అడుగుతారు, సూట్‌కేసు అడుగున పడేయకండి. మలేరియా మాత్రలు డాక్టరుగారిని అడిగి ముందే మొదలుపెట్టుకోవాలి. నోట్ల కంటే ఫోన్‌లో మొబైల్ మనీ ఎక్కువ నడుస్తుంది. మనలాంటి విదేశీయులకి అది వెంటనే కుదరదు కాబట్టి చిల్లర సేడీలు (అక్కడి డబ్బు) దండిగా ఉంచుకోండి. పెద్ద నోటు చూపిస్తే కొబ్బరిబొండాలమ్మే ఆమె కూడా తల అడ్డంగా ఊపేసింది.

అక్రా నుంచి కేప్ కోస్ట్ సుమారు 150 కిలోమీటర్లు. మ్యాపు మూడు గంటలంటుంది. దారిలో కసోవా అనే ఊరి ట్రాఫిక్ దాటేదాకా ఆ మాట నమ్మొద్దు. తెల్లారి ఐదింటికి బయలుదేరితే బతికిపోతారు, ఏడింటికి బయలుదేరితే మూడు గంటలు కసోవాకే సరి. ట్రోట్రో అని షేర్ వ్యాన్లు ఉంటాయి, చవక. మన షేర్ ఆటోల్లాగే సీట్లన్నీ నిండితేగాని కదలవు. ఎస్‌టీసీ బస్సులు బాగానే ఉంటాయని విన్నాం. మేం మూడు రోజులకి కారు మాట్లాడుకున్నాం. ఏసీ ఉందన్నారు. ఎక్కాక చూస్తే ఫ్యాను తిరుగుతోంది, చల్లదనం లేదు. ఫోన్ చేస్తే "గ్యాస్ అయిపోయింది, రేపు నింపిస్తాం" అన్నారు. ఆ రేపు మూడు రోజుల్లోనూ రాలేదు.

డ్రైవరు మాత్రం బంగారం. ఫాంటీ తెగ మనిషి, ఆ తీరంలోనే పుట్టి పెరిగాడు. బండి ఎక్కగానే నా పేరు అడగలేదు, ఏ వారం పుట్టావని అడిగాడు. శుక్రవారం అన్నాను. "అయితే నువ్వు కోఫీ." అక్కడ ప్రతి బిడ్డకీ పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు ఉంటుంది. సోమవారం మగపిల్లాడు కోజో, శనివారమైతే క్వామే. మా ఆవిడ ఆదివారం పుట్టింది. ఫాంటీల్లో ఆదివారం ఆడపిల్ల ఎసి. ఇక మూడు రోజులూ నాకు అదే వేళాకోళం: కారులో ఏసీ లేకపోతేనేం, పక్కన ఎసి ఉంది కదా అని. రెండోరోజుకి ఆమెకి నవ్వు రావడం మానేసింది.

ఈ వారాల పేర్లు సముద్రం దాటి వెళ్ళాయని అదే దారిలో తెలిసింది. కేప్ కోస్ట్‌కి ముందు అబాంజె అనే ఊరి గుట్ట మీద పాడుబడ్డ కోట కనిపిస్తుంది. కోరమాంటిన్‌లో 1630ల్లో ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న స్థావరం అది. 1665లో డచ్చివాళ్ళు లాక్కుని ఆమ్‌స్టర్‌డామ్ కోట అని పేరు పెట్టారు. ఈ తీరం నుంచి బానిసలుగా పట్టుకుపోయిన వాళ్ళని జమైకాలో తోటల యజమానులు 'కోరమాంటీలు' అనేవాళ్ళు. తిరగబడతారని వాళ్ళంటే భయం. జమైకా కొండల్లోకి పారిపోయి ఊళ్ళు కట్టుకున్న వాళ్ళకి నాయకుడై, 1739లో బ్రిటిష్‌వాళ్ళ చేత సంధి సంతకం పెట్టించుకున్న మనిషి పేరు కుజో. కోజోయే అది, సోమవారం పేరు. యజమానులు ఇనప ముద్ర వేసి కొత్త పేర్లు తగిలించినా వారం పేరు మిగిలింది. కోట దగ్గర పది నిమిషాలు ఆగండి, చాలు. చూడ్డానికి గోడలే ఉన్నాయి, గాలి మాత్రం బ్రహ్మాండం.

మేం ముందు ఎల్మినా వెళ్ళాం. కేప్ కోస్ట్ దాటి ఇంకో పదిహేను కిలోమీటర్లు లోపే. చాలామంది కేప్ కోస్ట్ ముందు చూస్తారు, దారిలో పడుతుంది కాబట్టి. నా ఓటు మాత్రం ఎల్మినా ముందు అనే. కథ మొదలైంది అక్కడ.

ఊళ్ళోకి దిగే వంతెన మీద కారు ఆగిపోయింది, జనం వల్ల. కింద బెన్యా కాలవ నిండా పడవలు. రంగురంగుల జెండాలు, పడవ పొడుగునా బైబిలు వాక్యాలు, ఫుట్‌బాల్ జట్ల పేర్లు. చేపలు కాల్చే పొగ, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, తల మీద తట్టలతో ఆడవాళ్ళు. మాది చీరాల. వాడరేవులో పొద్దున్నే పడవలు వచ్చే వేళకి వెళ్ళినవాళ్ళకి ఈ వాసన కొత్తకాదు. మా ఆవిడ ముక్కు మూసుకుంది, నాకేమో ఇంటికొచ్చినట్టనిపించింది. ఆ సందడికి అవతల తెల్లటి గోడ. అదే కోట.

1482లో పోర్చుగీసువాళ్ళు కట్టారు దాన్ని. సహారాకి దక్షిణాన యూరప్ వాళ్ళు కట్టిన కట్టడాల్లో నేటికీ నిలిచున్న అతి పాతది ఇదే. డియోగో ద అజంబూజా అనే ఆయన సుమారు 600 మందితో, పోర్చుగల్‌లోనే చెక్కి సిద్ధం చేసిన రాళ్ళు ఓడల్లో వేసుకుని వచ్చాడు. స్థానిక నాయకుణ్ణి స్థలం అడిగితే ఆయనిచ్చిన జవాబు పోర్చుగీసు చరిత్రకారులే రాసిపెట్టారు: అప్పుడప్పుడూ వచ్చిపోతేనే స్నేహం నిలుస్తుంది, పక్కనే కాపురం పెడితే చెడుతుంది అన్నాడట. చుట్టాల గురించి మా నాయనమ్మా ఇదే మాట అనేది. విన్నదెవరు? మర్నాడే పునాదుల కోసం ఊరివాళ్ళు పూజించే రాతిని కొట్టడం మొదలెట్టారు, గొడవైంది, కానుకలిచ్చి సర్దిచెప్పి కోట లేపేశారు.

అప్పటికి వాళ్ళు వచ్చింది బంగారం కోసం. మినా అంటే గని. ఇక్కడ గైడు చెప్పిన విషయం నేనెప్పుడూ వినలేదు. మొదటి రోజుల్లో పోర్చుగీసువాళ్ళు ఎల్మినా నుంచి బానిసల్ని తీసుకుపోవడం కాదు, ఎల్మినాకే తెచ్చి అమ్మారు. బెనిన్ వైపు కొనుక్కొచ్చి, అడవుల్లోంచి వచ్చే బంగారం వ్యాపారులకి బరువులు మోయడానికి ఇచ్చి, బదులుగా బంగారం పుచ్చుకునేవాళ్ళు. అమెరికా ఖండాల్లో తోటలు పెరిగాక ప్రవాహం తిరగబడింది. 1637లో డచ్చివాళ్ళు ఎదురుగుట్ట మీదకి ఫిరంగులెక్కించి కోటని పట్టుకున్నాక, సరుకు నిలవచేసే గదులు మనుషుల్ని నిలవచేసే గదులయ్యాయి.

వీటి లోపలికి వంగి వెళ్ళాలి. ఆడవాళ్ళ కొట్లో కిటికీ అనదగ్గది లేదు, గోడ పైన చిన్న కన్నం. బయట ముంగిలి, ముంగిలి మీదకి చూస్తూ గవర్నరు వసారా. అక్కడ నిలబడి ఆడవాళ్ళని ఎంచుకునేవాడని గైడు చెప్పింది. మా గైడు ఆడమనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. గొంతు పెంచలేదు, నాటకం ఆడలేదు. ఆ వసారా కింద మమ్మల్ని నిలబెట్టి, తను వెళ్ళి పైన నిలబడి కిందకి చూసింది, ఒక్క అర నిమిషం. మాలో ఒకాయన ఫోన్ తీయబోయి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పై అంతస్తులో డచ్చివాళ్ళ ప్రార్థన గది ఉంది. గుమ్మం మీద డచ్చి భాషలో 132వ కీర్తన: సీయోను దేవుడి విశ్రాంతి స్థానం, శాశ్వత నివాసం అని. దాని కిందే కొట్లు. పోర్చుగీసువాళ్ళ పాత చర్చినేమో ముంగిట్లో సరుకు బేరాల గదిగా మార్చేశారు. ఇంకో గదికి గుమ్మం మీద పుర్రె, ఎముకలు చెక్కారు. తిరగబడ్డవాళ్ళని అందులో వేసి తిండీ నీళ్ళూ ఇవ్వకుండా వదిలేసేవాళ్ళట. పక్కనే తప్పుచేసిన సిపాయిల గది, దానికి గాలీ వెలుతురూ ఉన్నాయి. రెండు గుమ్మాలూ పక్కపక్కనే. చివర్లో పడవల్లోకి దింపే సందు. గోడలో ఒక మనిషి అడ్డంగా తిరిగితే పట్టేంత చీలిక అంతే.

మెట్లెక్కితే అశాంటీ రాజు ప్రెంపే గది. 1896లో బ్రిటిష్‌వాళ్ళు ఆయన్ని పట్టుకొచ్చి ఇక్కడ ఉంచి, తర్వాత సియెర్రా లియోన్‌కీ, అక్కణ్ణించి సేషెల్స్ దీవులకీ పంపేశారు. బహదూర్ షాని రంగూన్ పంపినవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు.

టిక్కెట్టులోనే గైడు ఉంటుంది. విదేశీయులకి రేటు వేరు. గంటా గంటన్నర పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకి ఎదురుగుట్ట ఎక్కండి. అక్కడా చిన్న డచ్చి కోట ఉంది, జనం ఉండరు. కోట, కాలవ, పడవలు, సముద్రం అన్నీ ఒకే చూపులో పడతాయి. ఇంకో తమాషా. 1831 నుంచి 1872 దాకా డచ్చివాళ్ళు ఈ తీరం నుంచి సుమారు మూడువేల మంది యువకుల్ని సైన్యంలో చేర్చుకుని జావాకి పంపారు. పింఛనుతో తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ గుట్టకి నేటికీ జావా హిల్ అనే పేరు.

రాత్రి బస ఎల్మినా దగ్గర సముద్రం ఒడ్డునే. పేరు రాయను. ఫొటోల్లో స్వర్గం. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. అక్కడ దీనికి 'డుమ్‌సోర్' అని ముద్దుపేరు, ఆరి వెలగడం అని అర్థం. జనరేటరు ఉందన్నారు, ఉంది కూడా, డీజిలు లేదు. దోమతెర అడిగితే తెచ్చిన కుర్రాడు చిరుగుల్ని చూసి తనే నవ్వేశాడు. అలల చప్పుడుకి మాత్రం పూర్తి మార్కులు. రెండోరాత్రి కేప్ కోస్ట్ ఊళ్ళో ఓ కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. సముద్రం కనిపించదు, సందులోకి కారు పోదు. కానీ నీళ్ళు వచ్చాయి, ఫ్యాను తిరిగింది, పొద్దున్నే ఇంటావిడ కోడిగుడ్డు అట్టు వేసిపెట్టింది. ఒడ్డున గదికి ఇచ్చిన దాంట్లో సగం కూడా కాలేదు. మీరు బుక్ చేసేముందు "జనరేటరు ఉందా" అని కాదు, "రాత్రంతా నడుస్తుందా" అని అడగండి.

తిండి గురించి శాకాహారులకి ఒక హెచ్చరిక. మా ఆవిడ చేప ముట్టదు. రెడ్‌రెడ్ అని అలసందల కూర, పామాయిల్లో వండి, వేయించిన అరటిపండు ముక్కలతో ఇస్తారు. అది ఆమెకి ప్రాణం పోసింది. కానీ ముందే అడగాలి, కొన్నిచోట్ల చేప కలుపుతారు. షిటో అనే నల్లకారం చూడ్డానికి మన పచ్చడిలా ఉంటుంది, దాన్నిండా ఎండురొయ్యలు. నేను మాత్రం అరిటాకులో చుట్టిన ఫాంటీ కెంకీ, వేయించిన చేప, పచ్చిమిరప టమాటా నూరినది, రెండుపూటలా అదే. పులిసిన మొక్కజొన్న ముద్ద, మొదటి ముద్దకి మొహం ముడుచుకుంటుంది, మూడోదానికి అలవాటవుతుంది. రోడ్డు పక్కన తిన్నవేవీ మాకు తేడా చేయలేదు. తేడా చేసింది పెద్ద రెస్టారెంటు సలాడ్.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా కేప్ కోస్ట్ కోట. గుమ్మం ముందే కుర్రాళ్ళు చుట్టుముట్టి పేరేంటి, ఏ దేశం అని స్నేహంగా అడుగుతారు. చెప్పకండి. చెప్పారో, బయటికొచ్చేసరికి మీ పేరు రాసిన గవ్వ సిద్ధంగా ఉంటుంది, కొనాల్సిందే. నేను తెలివిగా కోఫీ అన్నాను.

ఇదీ తెల్లగా, ఫిరంగులు వరసగా, అదోరకం అందంగా కూడా ఉంటుంది. ఆ అందమే ఇబ్బంది. 1653లో స్వీడన్ కంపెనీ మొదలెట్టింది, 1660ల నుంచి ఇంగ్లీషువాళ్ళది. గోల్డ్ కోస్ట్ (ఈ తీరానికి అప్పటి పేరు) మొత్తానికి వాళ్ళ ముఖ్య స్థావరం. 1807లో బ్రిటన్ ఈ వ్యాపారం నిషేధించేదాకా ఇక్కడ్నించి ఓడలు కదిలాయి. లోపలి మ్యూజియం ముందు చూడండి, అంకెలు ఒంటబట్టాక కొట్లలోకి దిగండి. మొత్తం ఆఫ్రికా నుంచి ఓడలెక్కించిన వాళ్ళు సుమారు కోటీ పాతిక లక్షలు. దిగింది కోటీ ఏడు లక్షలు. మిగతావాళ్ళు దారిలో సముద్రం పాలు. మనం సినిమాల వల్ల అందరూ అమెరికా దేశానికే పోయారనుకుంటాం. నేరుగా అక్కడికి చేరింది నాలుగు లక్షల లోపే, ఒక్క బ్రెజిల్‌కే 48 లక్షల దాకా. ఈ గోల్డ్ కోస్ట్ తీరం నుంచి పోయినవాళ్ళు 12 లక్షలు.

మగవాళ్ళ కొట్టు ఏటవాలుగా కిందకి దిగుతుంది. గైడు ఒకచోట ఆగి టార్చి నేల మీదకి తిప్పాడు. ఒక పట్టీలాగ ఇటుకలు కనిపిస్తున్నాయి, మిగతా అంతా నల్లగా, గట్టిగా, కాళ్ళకింద కాస్త ఎత్తుగా ఉంది. తవ్వి శుభ్రం చేస్తే ఇటుకలు బయటపడ్డాయట. "మీరు నిలబడింది నేల కాదు" అన్నాడు. ఏళ్ళ తరబడి మనుషుల మలం, రక్తం, ఆహారం గడ్డకట్టిన పొర అది. మా ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఈ కొట్టుకి సరిగ్గా పైన చర్చి.

ముంగిట్లో ఫిలిప్ క్వాకే సమాధి ఉంది. ఈ ఊరి ఫాంటీ పిల్లవాడే, ఇంగ్లండు పంపి చదివించారు. 1765లో ఇంగ్లండు చర్చిలో మతగురువైన మొదటి ఆఫ్రికన్. తిరిగొచ్చి 1816లో చనిపోయేదాకా, సుమారు యాభై ఏళ్ళు, ఈ కోటలోనే ప్రార్థనలు చేయించాడు. కింద ఏముందో తెలిసే. ఆయన గురించి గైడు రెండు వాక్యాలు చెప్పి ముందుకెళ్ళిపోయాడు. నన్నడిగితే ఈ కోట మొత్తంలో ఎక్కువసేపు నిలబడాల్సింది ఆ రాయి దగ్గరే.

ఇక నా సొంత గోల ఒకటి. ఇక్కడికి దగ్గర్లోని అజుమాకో ప్రాంతంలో పుట్టిన ఒటోబా కుగోవానో అనే పదమూడేళ్ళ కుర్రాణ్ణి 1770 ప్రాంతంలో ఎత్తుకొచ్చి ఈ కోటకే తెచ్చారు. గ్రెనడాలో చెరకుతోటకి అమ్ముడుపోయి, చివరికి లండన్ చేరి, 1787లో ఇదంతా రాశాడు. తనని అమ్మినవాడు పుచ్చుకున్న ధర కళ్ళారా చూశాడు: ఒక తుపాకి, ఒక గుడ్డ ముక్క, కొంత సీసం.

గుడ్డ ముక్క. ఏ మగ్గం మీదదో ఆయన రాయలేదు. కానీ ఆ శతాబ్దంలో ఈ తీరానికి దిగిన సరుకులో మన కోరమాండల్ తీరపు నీలం గుడ్డలు, గళ్ళ గుడ్డలు పెద్ద వాటా. కంపెనీ ఓడల్లో లండన్‌కీ, ఆమ్‌స్టర్‌డామ్‌కీ వెళ్ళి, అక్కడ వేలమై, మళ్ళీ ఓడెక్కి ఇక్కడికి. వాటికి వ్యాపారంలో పేరే 'గినీ గుడ్డ'. మాంచెస్టరువాళ్ళు వాటిని చూసి నకలు నేశారు. మా ఇంట్లో తాతల కాలం దాకా నేసినవి రుమాళ్ళు. అచ్చంగా ముక్కలు చేయకుండా గజాల లెక్కన మడతపెట్టి మద్రాసు పంపేవాళ్ళు, అక్కణ్ణించి నైజీరియాకి. మద్రాసు రుమాళ్ళని పేరు, నేసింది చీరాల చుట్టుపక్కల. "ఆఫ్రికా వాళ్ళకి రంగు దిగితేనే అసలు సరుకని నమ్మకంరా" అనేవాడు తాత, గర్వంగా. ఆ బేరం మొదట ఎలా కుదిరిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకు ఈ నల్లటి నేల మీద తెలిసింది.

మా గుంపులో అట్లాంటా నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబం ఉంది. తల్లి, ఇద్దరు పెద్దపిల్లలు. కొట్లో ఆమె గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. గైడు అందర్నీ ముందుకి తీసుకెళ్ళి, ఆమెని వదిలేశాడు. మంచి గైడని అప్పుడే అర్థమైంది. బయటికొచ్చాక మమ్మల్ని ఎక్కణ్ణించి అని అడిగింది. ఇండియా అన్నాను. రుమాళ్ళ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

చివర 'తిరిగిరాని గుమ్మం'. పెద్ద తలుపులు తెరవగానే కళ్ళు బైర్లు కమ్మే వెలుగు, సముద్రం ఉంటుందనుకుంటే ముందు పడవలు, వలలు బాగుచేసేవాళ్ళు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, అరుపులు. వెనక్కి తిరిగితే అదే గుమ్మం మీద అటువైపు 'తిరిగొచ్చే గుమ్మం' అని బోర్డు. 1998లో బానిసల వంశాలకి చెందిన ఇద్దరి అస్థికలు, జమైకా నుంచి క్రిస్టల్ అనే ఆమెవి, న్యూయార్క్ నుంచి శామ్యూల్ కార్సన్ అనే ఆయనవి, ఈ గుమ్మం గుండానే లోపలికి తెచ్చారు.

వాళ్ళని పూడ్చింది ఇక్కణ్ణించి సుమారు 40 కిలోమీటర్ల లోపల, అసిన్ మాన్సోలో. మూడోరోజు అక్కడికి. ఉత్తరాది నుంచి నెలల తరబడి నడిపించుకొచ్చిన వాళ్ళకి తీరం చేరేముందు ఆఖరి స్నానం చేయించిన ఏరు ఇది. చెప్పులు విప్పి వెదురుపొదల్లోంచి నడవాలి. నీళ్ళు మోకాలి లోతు, చల్లగా. ఆ పొద్దున మేమిద్దరం, గైడు తప్ప ఎవరూ లేరు. సౌకర్యాలు తక్కువ, బాత్రూము సంగతి అడక్కండి. కానీ మూడింట్లో ఒక్కటే మళ్ళీ చూడమంటే నేను ఇక్కడికే వస్తాను. కాకుమ్ అడవి అదే రోజు చూడొచ్చని అందరూ అంటారు. చెట్ల మీద 40 మీటర్ల ఎత్తున ఏడు తాళ్ళ వంతెనలు, బాగుంటుంది, పిల్లలకి పండగ. ఏటి ఒడ్డు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళి సెల్ఫీల క్యూలో నిలబడ్డం మాకు సరిపడలేదు.

తిరుగుదారిలో కసోవా దగ్గర రెండున్నర గంటలు. ఫ్యాను తిరుగుతోంది, ఎసి నిద్రపోయింది. ఇంటికి చేరేసరికి బావమరిది అన్నం వండి, టమాటా పప్పు చేసి ఉంచాడు. గవ్వ తీసి బల్ల మీద పెట్టాను. తిప్పి చూసి, "కోఫీ ఎవరు బావా?" అన్నాడు.

చెప్పాను. తిన్నాక, వచ్చే నెల అమ్మానాన్నా వస్తున్నారు, వాళ్ళకి ఏ కోట చూపించమంటావని అడిగాడు. రెండూ చూపించు, మధ్యలో ఒక రాత్రి ఉంచు, మామయ్యగారికి మెట్లు కష్టం కాబట్టి ఎల్మినాలో పై అంతస్తు వదిలెయ్యి అన్నాను. వేరే కారు మాట్లాడమని కూడా అన్నాను. డ్రైవరు మాత్రం అతనే కావాలి.